వారానికి ఐదు అధ్యాయాలు, ఒక విశ్రాంతి రోజు: వాక్యపఠనం ఇంట్లో నిలదొక్కుకోవాలంటే

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో "ఈ ఏడాది బైబిలు మొత్తం చదివేస్తాను" అని చేసుకున్న తీర్మానం చాలా ఇళ్లలో ఫిబ్రవరి దాటదు. భక్తి తక్కువై ఆగిపోయింది అనుకుని బాధపడతారు గానీ, చాలాసార్లు తప్పు లెక్కలో ఉంటుంది. ప్రొటెస్టెంట్ బైబిలులో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. 365 రోజులకు పంచితే రోజుకు మూడు దాటుతుంది. ఆదికాండము కథలతో మొదటి రెండు వారాలు హాయిగా గడుస్తాయి. జనవరి నాలుగో వారానికల్లా ప్రత్యక్షగుడారపు (ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారపు) కొలతలు, నెలాఖరుకు లేవీయకాండములో బలుల విధులు వస్తాయి. అప్పటికే పిల్లల పరీక్షలు, ఆఫీసు పనులు మీదపడి రెండు రోజులు తప్పుతాయి. మూడో రోజు పది అధ్యాయాలు బాకీ. ఆ బాకీ చూసి పుస్తకం మూసేస్తారు.

ఉద్యోగం, వంట, పిల్లలు, ప్రయాణాలు ఉన్న మామూలు విశ్వాసి ఏళ్ల తరబడి నిలుపుకోగలిగిన పద్ధతి ఇక్కడ చెబుతున్నాం. పొద్దున ఇరవై నిమిషాల చదువు, రాత్రి పది నిమిషాల ఆత్మపరిశీలన, వారానికి ఒక విశ్రాంతి రోజు. ఈ మూడింటిలో ఏది తీసేసినా మిగతా రెండూ ఎక్కువకాలం నిలవవు. అలసిపోయిన మనిషి చదవలేడు. చదవని మనిషికి రాత్రి ధ్యానించడానికి ఏమీ ఉండదు. అందుకే పుస్తకంతో కాకుండా నిద్రతో మొదలుపెడుతున్నాం.

ముందు పడుకునే వేళ

తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థించాలన్న ఆశ మన సంఘాల్లో బలంగా ఉంది. మంచి ఆశే. యేసు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ఏకాంతంగా ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది. కానీ రాత్రి పదకొండున్నరకు పడుకుని నాలుగింటికి అలారం పెట్టుకుంటే నిద్ర నాలుగున్నర గంటలే. వారం తిరిగేసరికి బైబిలు ముందు కునికిపాట్లు మొదలవుతాయి. వేకువనే లేచి, రాత్రి పొద్దుపోయాక పడుకుంటూ కష్టార్జితం తినడం వ్యర్థమని కీర్తన 127:2 చెప్పే మాట ఇలాంటి వాళ్లకే.

లెక్క వెనక నుంచి వేసుకోండి. ఇంట్లో పని మొదలయ్యేది ఆరింటికి అనుకుందాం. లేచి సిద్ధమవడంతో కలిపి చదువుకు అరగంట కావాలి, అంటే ఐదున్నరకు లేవాలి. ఏడు గంటల నిద్ర కావాలంటే పదిన్నరకు దీపం ఆరిపోవాలి. రాత్రి పరిశీలన పది నిమిషాలు, కాబట్టి పది ఇరవైకి ఫోను పక్కన పెట్టాలి. పొద్దున లేచే వేళను మార్చాలనుకుంటే ముందు రాత్రి పడుకునే వేళను పదిహేను నిమిషాలు ముందుకు జరపండి. వారం అలవాటయ్యాక ఇంకో పదిహేను. ఒకేసారి గంటన్నర జరిపినవాళ్లు సాధారణంగా నాలుగో రోజుకే పాత వేళకు వచ్చేస్తారు.

ఆల్ నైట్ ప్రేయర్‌కు వెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. తెల్లారగట్ల ప్రార్థన ముగియగానే బైకు ఎక్కి ఊరికి బయలుదేరకండి. మందిరంలోనే ఓ గంటన్నర పడుకుని, టీ తాగి వెళ్లండి. వెనక భార్య, మధ్యలో పిల్లాడు ఉన్నప్పుడు ఒక్క కునుకు చాలు ప్రమాదానికి. మర్నాడు పొద్దున చదువు మానేసి నిద్రపోండి. అది వెనకడుగు కాదు.

ఏం చదవాలి, ఎంత

కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. ఏడాదికి 52 వారాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఒక అధ్యాయం చదివితే 5 × 52 = 260, సరిగ్గా ఏడాదికి ముగుస్తుంది. శనివారం, ఆదివారం ఖాళీ. ఇంతకంటే అందంగా కుదిరే లెక్క మరొకటి లేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే చెబుతాం.

మత్తయి మొదటి అధ్యాయపు వంశావళితో మొదలుపెట్టాల్సిన పనిలేదు. మార్కు సువార్త తీసుకోండి. 16 అధ్యాయాలు, సంఘటనలు వడివడిగా సాగుతాయి. దాని తర్వాత ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, 4 అధ్యాయాలు. రెండూ కలిపి 20, నాలుగు వారాలు. మొదటి నెల అంతే. ఆ తర్వాత లూకా, అపొస్తలుల కార్యములు వరుసగా చదవండి, రెండూ ఒకే చేతి రాతలు కాబట్టి కథ తెగకుండా సాగుతుంది. ప్రకటన గ్రంథాన్ని చివరికి ఉంచండి. అధ్యాయాలన్నీ ఒకే పొడవు ఉండవు. లూకా 1లో 80 వచనాలు, మత్తయి 26లో 75. అలాంటివి వస్తే రెండు రోజులకు విడగొట్టండి, ఆ వారం శనివారాన్ని వాడుకోండి. శనివారం ఉన్నదే అందుకు.

జనవరి దాకా ఆగొద్దు. రేపు సోమవారం అయితే రేపే మొదలుపెట్టవచ్చు.

పాత నిబంధన రెండో ఏడాదికి. అక్కడ కూడా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఏకబిగిన వెళ్లడం కన్నా ఆదికాండము, నిర్గమకాండము మొదటి 20 అధ్యాయాలు, రూతు, సమూయేలు గ్రంథాలు చదివి కథ వెన్నెముక పట్టుకోవడం మేలు. లేవీయకాండములో ఎక్కువమంది ఆగిపోయేది ఆ విధులు దేనికో తెలియకపోవడంవల్ల. 16వ అధ్యాయాన్ని, అంటే ప్రాయశ్చిత్త దినాన్ని, హెబ్రీయులకు 9వ అధ్యాయం పక్కన పెట్టుకుని చదవండి. ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కసారే తెర లోపలికి ఎందుకు వెళ్లేవాడో, క్రీస్తు ఒక్కసారే ప్రవేశించాడన్న మాటకు ఎంత బరువుందో అప్పుడు తెలుస్తుంది.

రోజుకు నాలుగు అధ్యాయాలు చదివించే ప్రసిద్ధమైన పట్టిక ఒకటుంది. స్కాట్లండ్‌లోని డండీ పట్టణంలో సంఘ కాపరిగా (పాస్టరుగా) ఉన్న రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం తయారుచేశాడు. పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు ఏడాదిలో పూర్తవుతాయి. రోజూ ముప్పావుగంట నిజంగా దొరికేవాళ్లకు ఇది మంచిది. అయితే దాన్ని ఇచ్చిన మనిషే దానివల్ల వచ్చే ప్రమాదాలు కూడా రాసిపెట్టాడు: ఆచారంగా మారిపోవడం, చదివానన్న స్వనీతి, అజాగ్రత్తగా చదవడం, మోయలేని కాడి అయిపోవడం. ఏ పట్టిక పట్టుకున్నా ఈ నాలుగూ బైబిలు అట్ట లోపల రాసుకోదగ్గవి.

కతోలిక కుటుంబాలకు వేరే పట్టిక అవసరం లేదు. పూజలో చదివే పఠనాలు ఆదివారాలకు మూడేళ్ల చక్రంగా, మామూలు రోజులకు రెండేళ్ల చక్రంగా ఇప్పటికే ఏర్పాటై ఉన్నాయి. ఏ రోజు సువిశేషాన్ని (సువార్త భాగాన్ని) ఆ రోజు ఇంట్లో చదువుకుంటే గుడిలో వినేది, ఇంట్లో ధ్యానించేది ఒకటే అవుతుంది. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లోనూ ఆదివారపు పాఠాలు ముందే తెలుస్తాయి. స్వతంత్ర సంఘాల్లో ఉన్నవాళ్లు శనివారం పాస్టరుగారిని అడిగి తెలుసుకోవచ్చు. శనివారం రాత్రి ఆ భాగం ఒకసారి చదివి ఉంటే ఆదివారం ప్రసంగం చెవిన పడే తీరే మారిపోతుంది.

కీర్తనలకు పాతకాలపు సులువైన లెక్క ఉంది. 150 కీర్తనలు, 30 రోజులు. ఇవాళ్టి తేదీకి 30 చొప్పున కలుపుతూ పోండి. తేదీ 7 అయితే 7, 37, 67, 97, 127. ఈ ఐదింటిలో ఆ రాత్రికి మీ పరిస్థితికి తగినది ఒకటి ఎంచుకుంటే చాలు. 29వ తేదీన 119వ కీర్తన తగులుతుంది, దానికి 176 వచనాలు, ఆ రాత్రికి దాన్ని వదిలేయండి. అది ఎనిమిదేసి వచనాల 22 భాగాలుగా ఉంటుంది. ఏడాదిలో ఏడు నెలలకు 31వ తేదీ వస్తుంది, ఆ రోజుకు కీర్తన మిగలదు. ఆ రాత్రుల్లో 119వ కీర్తన నుంచి రెండు మూడు భాగాలు చదువుకోండి.

పుస్తకం, చోటు, నోటుబుక్కు

కాగితపు బైబిలే మంచిది. నలభై దాటినవాళ్లు పెద్ద అక్షరాల ప్రతి కొనుక్కోండి. చిన్న అక్షరాలకు కళ్లు లాగి, "ఇవాళ మనసు లగ్నం కావడం లేదు" అనుకునేవాళ్లు చాలామంది. పాత అనువాదపు గ్రాంథికం పెద్దవాళ్లకు నోటికి వచ్చినట్టు పిల్లలకు రాదు. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలకైతే మరీ కష్టం. ఇంట్లో వాడుక భాష అనువాదం ఒకటి పక్కన ఉంచి, ముందు దానిలో అర్థం చేసుకుని తర్వాత పాతదాన్ని పైకి చదవమనండి. కంఠతా పట్టడానికి మాత్రం పాత అనువాదాన్ని మించింది లేదు. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్న లయ ఆస్పత్రి మంచం మీద కూడా గుర్తుకొస్తుంది.

ఫోనులోనే చదవాల్సి వస్తే ముందు రాత్రే అనువాదం డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పొద్దున ఫ్లైట్ మోడ్‌లో పెట్టాకే యాప్ తెరవండి. వాట్సాప్ ఒక్కసారి తెరిస్తే ఆ ఇరవై నిమిషాలూ "గుడ్ మార్నింగ్" వాక్యాల చిత్రాలు ముందుకు పంపడంతోనే అయిపోతాయి.

చదవడం రాని అమ్మమ్మలు, తాతయ్యలు, చూపు మందగించినవాళ్లు ఆడియో బైబిలు వినవచ్చు. వినడం తక్కువరకం చదువేమీ కాదు. పౌలు పత్రికలు మొదట సంఘంలో ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు విన్నవే. ఒకే అధ్యాయం రెండుసార్లు పెట్టండి, మధ్యలో ఆపి "ఇప్పుడు ఏం విన్నారు?" అని అడగండి.

ఒక నోటుబుక్కు, రోజుకు మూడు వరుసలు. మొదటి వరుసలో తేదీ, చదివిన భాగం. రెండో వరుసలో ఆ భాగంలో మిమ్మల్ని ఆపిన మాట. మూడో వరుసలో ఇవాళ చేయాల్సిన ఒక పని, పేరు పెట్టి. "ప్రేమగా ఉండాలి" అని రాస్తే సాయంత్రానికి గుర్తుండదు. "చిన్నాన్నకు ఫోను చేసి పొలం మాట ఎత్తకుండా ఆరోగ్యం అడగాలి" అని రాస్తే చేశామో లేదో రాత్రికి తెలుస్తుంది. నోటుబుక్కు వెనక పేజీలు తెలియని పదాలకు ఉంచండి. ఇతరుల రహస్యాలు, ఇంటి గొడవల వివరాలు అందులో రాయొద్దు. ఆ పుస్తకం ఎవరి చేతికైనా చిక్కవచ్చు.

ఇరవై నిమిషాలు ఎలా గడపాలి

పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్స్ కొండల్లోని కార్తూసియన్ (మౌనంగా, ఏకాంతంగా బతికే సన్యాసుల) మఠానికి పెద్దగా ఉన్న రెండవ గిగో, వాక్యం చదివే తీరును నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరక నిలవడం. ఆ నాలుగింటినీ మన పొద్దుటి వేళకు ఇలా సర్దుకోవచ్చు. మార్కు 6వ అధ్యాయం చదివే రోజు అనుకుందాం.

మొదటి ఏడెనిమిది నిమిషాలు అధ్యాయమంతా పైకి చదవండి, పక్కవాళ్లకు నిద్రాభంగం కానంత గొంతుతో. పెదవులు కదిపితే కన్ను వచనాలను దాటేయలేదు. 56 వచనాలున్న అధ్యాయం కాబట్టి ధ్యానానికి అందులో ఒక ముక్క చాలు. 30 నుంచి 34 దాకా తీసుకుందాం.

తర్వాతి ఐదారు నిమిషాలు ఆ ముక్కను మళ్లీ నెమ్మదిగా చదివి, అక్కడ ఏముందో మాత్రమే చూడండి. పంపబడిన అపొస్తలులు తిరిగొచ్చి చేసినవి, బోధించినవి అన్నీ చెబుతున్నారు. వచ్చేవాళ్లు పోయేవాళ్లతో అన్నం తినడానికి కూడా తీరిక లేదు. యేసు వాళ్లను ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోమన్నాడు. సేవ ఎలా జరిగిందో చెప్పిన శిష్యులకు ఆయన మొదట ఇచ్చిన జవాబు అది. దోనె ఎక్కారు. జనం కాలినడకన పరుగెత్తి వాళ్లకంటే ముందే అక్కడికి చేరారు. అనుకున్న విశ్రాంతి పోయింది. ఆయన విసుక్కోలేదు, కాపరి లేని గొర్రెలవలె ఉన్నారని కనికరపడ్డాడు.

ఇక్కడే ఆగితే "విశ్రాంతి అడక్కూడదు, సేవే ముఖ్యం" అని తప్పుగా తేల్చుకుంటాం. చాలా ప్రసంగాలు ఇక్కడే ఆగుతాయి కూడా. 45, 46 వచనాల దాకా కన్ను పోనివ్వండి. ఐదు వేలమంది తిన్నాక ఆయన శిష్యులను దోనె ఎక్కించి పంపేశాడు, జనాన్ని పంపేశాడు, తాను ప్రార్థనకు కొండెక్కాడు. రాత్రి నాలుగో జామున, అంటే తెల్లవారుజామున, నీళ్లమీద నడుస్తూ వచ్చేదాకా శిష్యులకు కనిపించలేదు. అంటే ఏకాంతం వాయిదా పడిందే గానీ రద్దు కాలేదు. 39వ వచనంలో జనాన్ని పచ్చికమీద కూర్చోబెట్టమన్నాడని గమనించారా? కాపరి, గొర్రెలు, పచ్చిక, కడుపునిండా భోజనం. 23వ కీర్తన ఆ కొండపక్కన కళ్లముందే జరిగింది. ఇలాంటివి రెండోసారి, మూడోసారి చదివినప్పుడే దొరుకుతాయి.

ఆ తర్వాత నాలుగైదు నిమిషాలు ప్రార్థన. చదివిన మాటలతోనే చేయండి. "ప్రభువా, నాకూ తినడానికి తీరికలేని రోజులివి. నా పనికి అడ్డొచ్చేవాళ్లను చూసి విసుక్కోకుండా ఉండే కనికరం ఇవ్వండి. పోయిన ఏకాంతాన్ని సాయంత్రం తిరిగి వెతుక్కునే పట్టుదలా ఇవ్వండి." ఇంటి అవసరాల జాబితా దీని తర్వాత చెప్పుకోవచ్చు. ముందు జాబితా మొదలుపెడితే వాక్యం పక్కకు పోతుంది.

చివరి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకండి. మొదట్లో ఇది అన్నిటికన్నా కష్టం. కుక్కరు, స్కూలు ఫీజు, రావాల్సిన బాకీ, అన్నీ గుర్తొస్తాయి. గుర్తొచ్చినవి నోటుబుక్కు అంచున ఒక్క మాటగా రాసి, మళ్లీ మౌనంలోకి రండి.

ఆదివారం బడి టీచర్లకు, వాక్యం చెప్పేవాళ్లకు ఒక హెచ్చరిక. చదువుతుండగానే "ఇది పిల్లలకు చెప్పొచ్చు, దీన్ని మూడు పాయింట్లు చేయొచ్చు" అని మనసు పరుగెత్తుతుంది. పాఠం తయారీకి వేరే వేళ, వేరే పుస్తకం పెట్టుకోండి. లేకపోతే ఏళ్ల తరబడి ఇతరుల కోసమే చదివినవాళ్లు అవుతారు.

వాగ్దాన వాక్యం చేతికొస్తే

కొత్త సంవత్సరపు రాత్రి తీసుకున్న వాగ్దాన కార్డును (ఆ ఏడాదికని తీసే బైబిలు వచనపు చీటీని) గోడకు తగిలించే ముందు ఆ అధ్యాయం మొత్తం చదవండి. చాలామందికి వచ్చే యిర్మీయా 29:11 తీసుకోండి. దేవుడు మన గురించి ఉద్దేశించినవి సమాధానకరమైనవని అందులో ఉంది. ఆ మాట బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే డెబ్బై సంవత్సరాలు గడవాలని ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణపు క్షేమం కోరండి అని 5, 7 వచనాల్లో ఉంది. ఈ ఏడాదే వీసా వస్తుంది, ఈ నెలే అప్పు తీరుతుంది అని ఆ వచనానికి గడువు పెట్టడం అన్యాయం. డెబ్బై ఏళ్ల నిరీక్షణకు నిలబడిన మాట అని తెలిశాక అది ఇంకా గట్టిగా పట్టుకోదగ్గదవుతుంది. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన వచనాన్ని జవాబుగా తీసుకునే అలవాటూ ఇదే కారణంగా మానుకోవాల్సింది.

రాత్రి పది నిమిషాలు

యేసుసభ (జెసూట్) సన్యాసుల సభను స్థాపించిన లొయోల ఇగ్నేషియస్ రాసిన, 1548లో పోపు ఆమోదం పొందిన "ఆత్మసాధనలు" అనే పుస్తకంలో రోజును పరిశీలించుకునే పద్ధతి ఐదు భాగాలుగా ఉంది. విజయవాడ ఆంధ్ర లొయోల కళాశాల పేరులో ఉన్నది ఈయన ఊరే. కతోలికులు కాని విశ్వాసులకు కూడా ఇందులో అభ్యంతరపడాల్సింది ఏమీ లేదు. "నన్ను పరిశోధించుము" అని 139వ కీర్తన చివర దావీదు అడిగినదే ఇది.

మంచం మీద పడుకుని చేయొద్దు, రెండో భాగానికే నిద్రొస్తుంది. కుర్చీలో కూర్చోండి. మొదట కృతజ్ఞత, ఇవాళ అందుకున్నవి మూడు, పేర్లతో సహా. రెండోది, నిజం చూసే వెలుగు ఇవ్వమని ఒక్క వాక్యం ప్రార్థన. మూడోది, పొద్దున లేచినప్పటి నుంచి ఇప్పటిదాకా గంటల వరుసలో గుర్తుచేసుకోవడం: బస్సు, ఆఫీసు, భోజనం, ఫోను సంభాషణలు, పిల్లల హోంవర్కు. ఎక్కడ మెత్తబడ్డాం, ఎక్కడ బిగుసుకుపోయాం? పొద్దున రాసుకున్న మూడో వరుస ఏమైంది? ఎక్కువ సమయం దీనికే, ఓ ఐదు నిమిషాలు. నాలుగోది, తప్పుకు క్షమాపణ. ఐదోది, రేపు ఎదురయ్యే ఒక్క సందర్భానికి సిద్ధపాటు.

మొదటి భాగాన్ని దాటేసి నేరుగా తప్పుల దగ్గరికి వెళితే ఈ పరిశీలన నెల తిరక్కుండానే దేవుని ముందు కూర్చోవాలంటే భయం పుట్టేలా చేస్తుంది. సున్నితమైన మనస్సాక్షి ఉన్నవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం. ఒప్పుకుని వదిలేసిన తప్పును మర్నాడు మళ్లీ తవ్వకండి. టైమర్ పెట్టుకుని పది నిమిషాలకు లేచిపోండి. తర్వాత తేదీ లెక్కలోని కీర్తన ఒకటి చదివి దీపం ఆర్పేయండి.

ఆదివారం అమ్మకు కూడా ఆదివారం కావాలి

నిర్గమకాండము 20:10లో విశ్రాంతి ఇంటి యజమాని ఒక్కడికే ఇవ్వలేదు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, ఇంట్లో ఉన్న పరదేశి, అందరినీ పేరుపేరునా లెక్కపెట్టాడు. ద్వితీయోపదేశకాండము 5:15 కారణం కూడా చెబుతుంది: మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్న సంగతి మరవొద్దు. ఈ కొలతతో మన ఆదివారాన్ని చూడండి. ఐదింటికి లేచి టిఫిను, పిల్లల తలస్నానాలు, ఇస్త్రీ, ఆరాధన, ఇంటికొచ్చి మాంసం కూర, వచ్చిన చుట్టాలకు వడ్డన, గిన్నెలు, సాయంత్రం కూడిక. ఇంట్లో అందరూ కునుకు తీసేవేళ ఒక మనిషి సింకు దగ్గర నిలబడి ఉంటుంది. ఆ ఇంట్లో విశ్రాంతి దినం ఇంకా రాలేదు.

దీన్ని శనివారం సాయంత్రం సరిచేయాలి. బట్టలు ఇస్త్రీ, బైబిళ్లు, కానుక కవరు శనివారం ఏడింటికల్లా ఒకచోట. ఇడ్లీ పిండి రుబ్బి ఉంచడం. చికెన్ శనివారం రాత్రే ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో పెడితే ఆదివారం పొయ్యి మీద ముప్పావుగంట పని. ఒక కూర, అన్నం, పెరుగు. నాలుగు రకాలు పండగకు. గిన్నెలు మగవాళ్లు, పిల్లలు కడగాలి, సాయం చేస్తున్నట్టు కాకుండా తమ పనిగా. ఇంట్లో పనిచేసే అమ్మాయి ఏ మతమైనా సరే, ఆదివారం రావొద్దని జీతం కోయకుండా చెప్పండి.

మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగున్నర దాకా ఇంట్లో ఎవరూ ఎవరికీ పని చెప్పని వేళగా పెట్టుకోండి. నిద్ర, మంచి పుస్తకం, పాత కీర్తనలు, పిల్లలతో కబుర్లు, ఏదైనా సరే. ఆఫీసు మెయిలు, ఆన్‌లైన్ బేరాలు, ఇంటి అప్పుల లెక్కలు వద్దు. ఆ వేళలో ఓ పావుగంట వారం నోటుబుక్కు తిరగేయండి. ఐదు రోజుల రెండో వరుసలు పక్కపక్కన చదివితే ఒకే మాట రెండుమూడుసార్లు కనబడుతుంది. దాన్ని వచ్చే వారానికి ప్రార్థనాంశంగా పెట్టుకోండి.

కూడికల సంగతి కూడా చెప్పాలి. ఆదివారం పొద్దున ఆరాధన, మధ్యాహ్నం స్త్రీల సమాజం, యవ్వనస్తుల కూడిక, సాయంత్రం గృహకూడిక, అన్నింటికీ ఒకే కుటుంబం తిరిగితే అది ఉద్యోగం కన్నా అలసట. ఆరాధన కాక ఇంకొక్కటి చాలు. సేవకుల కుటుంబాలకు ఆదివారమే బరువైన పనిదినం కాబట్టి వాళ్లకు సోమవారం విశ్రాంతి కావాలి. అత్యవసరమైతే తప్ప ఆ రోజు పాస్టరుగారికి ఫోను చేయకుండా ఉండటం సంఘం చేయగల మంచి సాయం.

కుటుంబ ప్రార్థన

పదిహేను నిమిషాలు మించొద్దు. భోజనానికి ముందు పెట్టండి, తర్వాత పెడితే చిన్నపిల్లలు ఒళ్లోనే నిద్రపోతారు. ఒక పాట రెండు చరణాలు, పది వచనాలు, ఒక ప్రశ్న, చిన్న ప్రార్థన. ప్రశ్న జవాబు తెలిసిపోయేది కాకూడదు. "దోనెలో యేసు నిద్రపోతుంటే నువ్వు లేపేవాడివా?" అంటే ఆరేళ్ల పిల్లాడూ ఆలోచిస్తాడు. ఆ పూట పిల్లలు చేసిన తప్పును ప్రార్థనలో ప్రస్తావించి దెప్పిపొడవొద్దు. దేవుని పేరు మీద తిట్లు తిన్న పిల్లలు పెద్దయ్యాక మోకరించడానికి ఇష్టపడరు.

షిఫ్టులు, గల్ఫ్ ఉద్యోగాలు

నర్సులు, బస్సు కండక్టర్లు, హోటలు పనివాళ్లు, రాత్రి షిఫ్టుల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఆదివారం దొరకలేదని విశ్రాంతినే వదులుకోకూడదు. డ్యూటీ పట్టిక రాగానే వారంలో ఒక సాయంత్రం నుంచి మర్నాటి సాయంత్రం దాకా 24 గంటలు గుర్తుపెట్టుకోండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. నైట్ డ్యూటీ వాళ్లకు "పొద్దుటి చదువు" అంటే నిద్రలేచిన వేళ, అది మధ్యాహ్నం రెండైనా సరే. డ్యూటీ దిగి వచ్చి పడుకోబోయే ముందు చేయాల్సింది రాత్రి పరిశీలన.

కోనసీమ, కడప నుంచి కువైట్, ఖతర్ వెళ్లినవాళ్లకు అక్కడ శుక్రవారం సెలవు, తెలుగు ఆరాధనలు కూడా ఎక్కువగా ఆ రోజే. యు.ఎ.ఇ.లో 2022 జనవరి నుంచి ప్రభుత్వ వారాంతం శని, ఆదివారాలకు మారినా చాలా సంఘాల్లో శుక్రవారపు కూడిక కొనసాగుతోంది. సెలవురోజు ఏదైతే దాన్ని విశ్రాంతి దినంగా ఆచరించండి. ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు సొంత గది, సొంత సెలవు దొరక్కపోవచ్చు. వాళ్లకు ఇరవై నిమిషాల లెక్క చెప్పడం సరికాదు. పొద్దున ఒక్క వచనం చీటీ మీద రాసుకుని పనిలో నాలుగైదుసార్లు తలచుకోవడం, వారానికి ఒకసారి ఇంటివాళ్లు ఫోనులో ఒక కీర్తన చదివి వినిపించడం, అది చాలా బలం.

ఆగిపోయినప్పుడు

రోజులు తప్పితే బాకీ తీర్చకండి. గురువారం మొదలుపెడితే గురువారపు అధ్యాయమే చదవండి. మధ్యలో పోయినవి వచ్చే ఏడాది మళ్లీ వస్తాయి. వారానికి మూడు రోజులకు మించి తప్పుతూంటే అధ్యాయాన్ని పదిహేను వచనాలకు తగ్గించండి, వేళను మాత్రం మార్చకండి. వేళ నిలిస్తే కొలత తర్వాత పెరుగుతుంది.

చదివినా ఏమీ తగలని వారాలు వస్తాయి. నిద్ర చూసుకోండి, దాచిపెట్టిన కోపం ఏదైనా ఉందేమో చూసుకోండి, పుస్తకం మార్చి కీర్తనల్లోకి వెళ్లండి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అలాంటి ప్రార్థన కూడా బైబిలులో ఉంది. కానీ రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి చెడిపోయి, దేనిమీదా ఆసక్తి లేక, బతకాలనిపించకపోతే దాన్ని విశ్వాసలోపమని ఎవరు చెప్పినా నమ్మొద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లండి, ప్రార్థనా చేయించుకోండి. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చావు కోరుకుంటే దేవదూత గద్దించలేదు. ముట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించింది, తినమన్నాడు. హోరేబు కొండ, దేవుని మెల్లని స్వరం అవన్నీ ఆ తర్వాతే.

ఇంట్లో చావు జరిగినప్పుడు, ఐ.సి.యు. బయట కూర్చున్నప్పుడు ఈ పద్ధతంతా పక్కన పెట్టేయండి. అలాంటి రోజుల్లో చదవాల్సిన పని బాధలో ఉన్నవాళ్లది కాదు, పక్కనున్నవాళ్లది. 23, 121, 130 కీర్తనల్లో ఒకటి నెమ్మదిగా చదివి వినిపించండి. వ్యాఖ్యానం వద్దు, "దేవుని చిత్తం" అన్న మాట అసలే వద్దు. చదివాక చేయి పట్టుకుని కూర్చోండి, వాళ్లు ఏమైనా తిన్నారో లేదో కనుక్కోండి.